నిదానం పార్టీ పెద్దమనిషి

మాస్టారిని సమాధి చేసిన రోజు పాటను పరుగెత్తించారు. మబ్బు పట్టి ఉంది. పాస్టరుగారు ఆకాశం వైపూ గడియారం వైపూ మార్చి మార్చి చూశారు. కీబోర్డు దగ్గరున్నాయన ఏదో మీట నొక్కితే అందులోంచి డబడబమని తాళం మొదలైంది. ఇక చూసుకోండి, నాలుగు చరణాల పాట పెళ్ళి ఊరేగింపులాగా సమాధుల తోట దాటి వెళ్ళిపోయింది. నా పక్కనున్న మా ఆర్కెస్ట్రా పిల్ల సునీత మోచెయ్యి గిల్లి, "అక్కా, సార్ ఉండుంటే ఈ పాటికి ఆ వైరు పీకేసుందురు" అంది.

నిజమే. అభ్యంతరం చెప్పాల్సిన ఒక్క మనిషీ పెట్టెలో ఉన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. రెండింటినీ చున్నీలో దాచుకుని బయటికొచ్చేశాను. అప్పటినుంచీ ఆయన నన్ను వదలడం లేదు. మహదేవపురలో మా ఆఫీసు లిఫ్టు దగ్గర, రింగు రోడ్డు మీద, ఇంట్లో కుక్కరు విజిళ్ళ మధ్య, నేనెక్కడ తొందరపడితే అక్కడ ఆయన గొంతు తగులుతోంది: "ఏందమ్మా, బస్సు వెళ్ళిపోతుందా?"

ఎవరు ఏ పని త్వరగా చేసినా ఆయన అనే మాట అది. టీ గబగబా తాగినా అదే, సింఫనీ గబగబా వాయించినా అదే.

మాది సరదా ఆర్కెస్ట్రా. ఆదివారం మధ్యాహ్నాలు ఒక బడి వెనకున్న హాల్లో కూడుతాం. పళ్ళ డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, చర్చిల్లో పియానో వాయించేవాళ్ళు, రిటైరైన బ్యాంకు మనుషులు. నేను వయోలా వాయిస్తాను. అంటే వయొలిన్‌కి అక్కలాంటి వాయిద్యం, ఎవరికీ వినపడనిది. మాస్టారు హార్న్ వాయించేవారు. బెంగళూరులో హార్న్ అంటే కొంచెం విడమరిచి చెప్పాలి. నత్తగుల్లలా చుట్టలు తిరిగిన ఇత్తడి గొట్టం, చివర వెడల్పాటి నోరు, ఆ నోట్లో కుడిచెయ్యి దూర్చి పట్టుకుంటారు. ఒంగోలు వైపు మిషను బ్యాండులో చిన్నప్పుడు నేర్చుకున్నారట. తర్వాత నర్సింగు కాలేజీలో పాఠాలు చెప్పడానికి ఈ ఊరొచ్చి, యలహంక పాత ఊళ్ళో ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరయ్యారు. మాదీ యలహంకే. మా తాతలు హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయారు. అందుకని రిహార్సలుకు ఆయన్ని నా కారులో తీసుకెళ్ళి తీసుకురావడం నా వంతైంది.

ఆ కారులోనే మా యుద్ధాలన్నీ జరిగాయి.

పంతొమ్మిదో శతాబ్దపు ఆ పెద్ద సింఫనీలు, అంటే నాలుగు భాగాల పొడుగాటి ఆర్కెస్ట్రా పాటలు, వాయించడంలో ప్రపంచమంతటా రెండు పార్టీలున్నాయి. కాగితం మీద స్వరాలు అందరికీ ఒకటే. ఒక ఆర్కెస్ట్రా ప్రతి వాక్యాన్నీ సాగదీసి, కొసన నిలబడి, వెనక్కి తిరిగి చూసుకుని మరీ ముందుకు కదులుతుంది. ఇంకొకటి రాసింది రాసినట్టు తలెత్తుకుని నడిచిపోతుంది. మొదటి పార్టీవాళ్ళు రెండోదానికి గుండె లేదంటారు. రెండో పార్టీవాళ్ళు మొదటిదానికి వెన్నెముక లేదంటారు. నేను పుట్టుకతో రెండో పార్టీ. ముదురుపాకంలా తీగలు సాగే వాయింపు వింటే నాకు ఒంటిమీద చీమలు పాకినట్టుంటుంది. మాస్టారు నిదానం పార్టీకి జిల్లా అధ్యక్షులు.

వింత ఏమిటంటే ఆయనంత నిలకడలేని మనిషిని నేను చూడలేదు. కారెక్కగానే అద్దం దించుతారు, ఎక్కిస్తారు. ముందున్న అర తెరిచి అందులో ఉన్న కాగితాలన్నీ సర్దుతారు. హెబ్బాళ ఫ్లైఓవరు మీద బళ్ళు ఆగితే తలుపు తీసుకుని దిగి, ముందుకెళ్ళి, అడ్డం ఏమిటో చూసి వచ్చి నాకు చెబుతారు. నేను అడక్కపోయినా చెబుతారు. ఇంత చేస్తూ కూడా, కారులో మోగుతున్న సింఫనీ ఒక్క రవ్వ వేగం అందుకుంటే చాలు, "ఏందమ్మా, బస్సు..." అని మొదలుపెడతారు.

"మీరేమో ఒక చోట కూర్చోలేరు, పాట మాత్రం పడుకోవాల. ఇదేం న్యాయం మాస్టారూ?" అని అడిగానొకసారి.

"నేను తిరుగుతా ఉంటే పాటన్నా ఒకచోట ఉండొద్దా అమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు సమాధానంలా కనపడదు. 

స్వరకర్తల పేర్లు ఆయన ఎప్పుడూ పలికేవారు కాదు. ఒకాయన గడ్డం తాత. ఒకాయన కోపిష్టి. ఇంకొకాయన రష్యా ఆయన. చుట్టాల గురించి చెప్పుకున్నట్టే ఉండేది. "గడ్డం తాత మూడో సింఫనీని నిన్న ఇంటర్నెట్‌లో ఎవరో పాడుచేశారమ్మా, పాపం" అనేవారు, ఆ తాత ఆస్తిని ఎవరో కాజేసినంత బాధగా.

ఒక శనివారం వాళ్ళింటికి పిలిచారు. ఒకే సింఫనీ నిదానపు భాగాన్ని రెండు ఆర్కెస్ట్రాలు వాయించినవి వరసగా పెట్టారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను వంటింట్లోకి, అక్కడినుంచి వరండాలోకి, చివరికి గేటు బయటికి వెళ్ళి నిలబడ్డారు. పక్కింటావిడ "ఏన్ సార్, బీగ మరెత్రా?" అని అడుగుతోంది, తాళంచెవి మర్చిపోయారనుకుని. ఈయన వేలు పెదాల మీద పెట్టుకుని ఉష్ అంటున్నారు. వాయింపు మంచిదో కాదో తేలాలంటే పక్కగదిలోంచి వినాలని ఆయన సిద్ధాంతం. దగ్గర కూర్చుంటే మనిషి మర్యాద చేస్తాడట.

లోపలికొచ్చి అడిగారు: "ఏది బావుంది?"

"రెండోది. మొదటిదాంట్లో ఒక్కో స్వరం దాటేకి ఒక పూట పట్టుతాండాది."

వెంటనే నా మణికట్టు పట్టుకున్నారు. పాత అలవాటు. వాదనలో ఓడిపోతున్నారనిపిస్తే ఎదుటివాళ్ళ నాడి చూసేవారు. మొదటిది మళ్ళీ పెట్టి, కళ్ళు మూసుకుని, కాసేపయ్యాక, "నోరు అట్లా అంటోంది గాని, లోపల నాడి నిమ్మళించింది చూడు. నీకు నచ్చింది. నీకే తెలీదు" అని తీర్పు చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. నా ఇష్టం నాకు తెలీదని చెప్పడానికి ఈయనెవరు? ఆ మంట మీదే ఇంకో గంట వాదించాను. ఆయనకు కావలసింది అదే. వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చి, సంతోషంతో రెండు పొట్లాల బిస్కెట్లు చేతిలో పెట్టారు.

నిదానం ఎందుకని గట్టిగా అడిగితే ఆయన చెప్పేది నర్సింగు పాఠమే. "చాలా రోజులు మంచాన ఉన్న మనిషిని లేపి నిలబెట్టేటప్పుడు ముందు కూర్చోబెడతాం. కాళ్ళు కిందికి వేలాడనిస్తాం. కళ్ళు తిరగడం తగ్గిందా అని చూస్తాం. అప్పుడు లేపుతాం. తొందరపడితే ఇద్దరం పడతాం. రష్యా ఆయన నిదానపు భాగం అట్లాంటి మనిషమ్మా. దాన్ని రెక్క పట్టి లాగకూడదు."

ఆ రష్యా ఆయన సింఫనీ ఆయన ప్రాణం. అందులో నిదానపు భాగం మొదట్లో మంద్రస్థాయి తీగల వాయిద్యాలు చీకట్లో తడుముకుంటున్నట్టు వాయిస్తాయి. వాటి మీద హార్న్ ఒంటరిగా లేస్తుంది. పొడుగాటి పాట, హార్న్‌లవాళ్ళలో మొదటి కుర్చీలో కూర్చున్నవాళ్ళది మాత్రమే, అంటే మా దగ్గర మాస్టారిది. మిషను బ్యాండులో ఉన్న రోజుల్లో ఎవరిదో రికార్డు మీద విన్నారట. అప్పటినుంచీ ఒక్కసారి, నిజమైన ఆర్కెస్ట్రాలో, జనం ముందు దాన్ని వాయించాలని ఆశ. ఒంగోలులో ఆర్కెస్ట్రా లేదు. బెంగళూరులో మాది ఉంది గాని, ఆ సింఫనీకి సరిపడా మనుషులు లేరు. ప్రతి ఏడూ అడిగేవారు. ప్రతి ఏడూ వచ్చే ఏడు అనేవాళ్ళం.

చివరికి మేఘన వచ్చింది. విజయవాడ పిల్ల, చిన్నప్పుడే ఈ ఊరొచ్చింది, జర్మనీలో కండక్టింగ్, అంటే ముందు నిలబడి చేత్తో ఆర్కెస్ట్రాను నడిపించే విద్య, చదువుకుంది. మా ఆర్కెస్ట్రాను చేతిలోకి తీసుకోగానే ఈయన కోరిక విని, "చేద్దాం అంకుల్" అంది. పైగా ఆమెదీ నిదానం పార్టీయే. మొదటి రిహార్సలులో ఆ భాగాన్ని ఎంత మెల్లగా మొదలుపెట్టిందంటే వయోలా మీద లాగుతున్న నా విల్లు స్వరం సగంలో ఉండగానే కొసకొచ్చేసింది. మాస్టారు నా వైపు తిరిగి కనుబొమలెగరేశారు. ఆ రోజు కారులో ఆయన గర్వం పట్టడానికి చోటు చాలలేదు.

నాలుగైదు వారాలు గడిచాక ఏమైందో ఏమో, మేఘన వేగం పెంచేసింది. కొంచెం కాదు. నాలాంటిదానికే ఇది కాస్త ఎక్కువేమో అనిపించేంత. మాస్టారు హార్న్ ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, బస్సు వెళ్ళిపోతుందా?" అని హాలంతా వినపడేలా అన్నారు. అందరూ నవ్వారు. మేఘన నవ్వలేదు. "ఇలాగే బావుంది అంకుల్. ఫ్లో వస్తోంది" అని మళ్ళీ అదే వేగంతో ఎత్తుకుంది. నాకు పండగే. మా పార్టీలోకి కండక్టరే వచ్చి చేరింది. ఆ సాయంత్రం హెబ్బాళ దాకా ఆయన్ని ఏడిపించాను.

తర్వాతి ఆదివారం టీ విరామంలో మేఘన నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఆంటీ, మీకొకటి చెప్పాలి. నిజంగా నాకూ స్లో టెంపోనే ఇష్టం. బట్ ఆయనకి బ్రెత్ సరిపోవట్లేదు. ఫ్రేజ్ మధ్యలో రెండు సార్లు, మూడు సార్లు తీసుకుంటున్నారు. మీరు గమనించలేదా?"

నేను గమనించలేదు. గెలిచిన సంబరంలో ఉన్నాను.

"వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. లంగ్స్ గట్టిపడిపోతున్నాయట. ఆయన ఎవరికీ చెప్పొద్దన్నారట. ఫాస్ట్‌గా తీసుకుంటే సోలో ఆయనే కంప్లీట్ చేయగలరు ఆంటీ. ఎన్నేళ్ళ డ్రీమ్ అది! ప్లీజ్, మీరెలాగూ ఫాస్ట్ అంటారు కదా. కారులో కొంచెం గట్టిగా అనండి. ఇది టేస్ట్ గొడవ అనే ఆయన అనుకోవాలి."

సరేనన్నాను. నా పని సులువే అనుకున్నాను. ఇన్నేళ్ళుగా అంటున్న మాటలే మళ్ళీ అనాలి, అంతే కదా. కాని కారెక్కి నోరు తెరిస్తే ఆ మాటలు రాలేదు. నేను మనస్ఫూర్తిగా నమ్మే సంగతే నా నోట్లో అబద్ధమైపోయింది. ఆయన పక్కన కూర్చుని అద్దం దించుతున్నారు, ఎక్కిస్తున్నారు. ఆ చేతి వేళ్ళ గోళ్ళు నీలంగా ఉన్నాయని అప్పుడే చూశాను.

"ఆ పిల్లకేమైందమ్మా? ఎందుకట్లా పరిగెత్తుతోంది?" అన్నారు ఫ్లైఓవరు ఎక్కుతుండగా.

"మీరు చెప్పేదీ న్యాయమే మాస్టారూ. కాని ఆయమ్మ కండక్టరు కదా. ఆయమ్మ ఆలోచన కూడా మనం గౌరవించాల."

ఆయన అద్దం మీట వదిలేశారు. బళ్ళు ఆగిపోయాయి. నా వైపు తిరిగారు.

"నా మాట న్యాయమని నువ్వు ఎప్పుడైనా అన్నావా?"

"ఇప్పుడంటాండాను కదా."

"అదే. ఎవరన్నా పోయేటప్పుడు గాని మనుషులు ఇంత మర్యాదగా మాట్లాడరు. ఎవరు పోతున్నారు? నేనేనా?"

స్టీరింగు పట్టుకుని ముందున్న టెంపో వెనక రాసింది చదువుతూ కూర్చున్నాను. నాకు అబద్ధం ఆడడం వచ్చు, ఆఫీసులో రోజూ ఆడతాను. ఆయనతో మాత్రం రాలేదు. ఆయనకు జవాబు దొరికిపోయింది.

తలుపు తీసుకుని దిగిపోయారు. ఈసారి అడ్డం చూడడానికి కాదు. హార్న్ పెట్టె వెనక సీట్లోనే వదిలేసి, బళ్ళ మధ్యలోంచి ఫ్లైఓవరు గోడ పక్కగా నడవడం మొదలుపెట్టారు. బళ్ళు కదిలాయి. నేను అద్దం దించి, ఆయన పక్కనే పాకుతూ, "మాస్టారూ, ఎక్కండప్పా! ఎండగా ఉండాది! అందరూ చూస్తాండారు!" అని అరుస్తున్నాను. వెనకనుంచి బళ్ళవాళ్ళు మోగించేస్తున్నారు. ఆయన తల తిప్పలేదు. కొంత దూరం పోయాక గోడ పట్టుకుని ఆగారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను దగ్గరికి చేరేసరికి తానే తలుపు తీసుకుని ఎక్కారు.

చాలా సేపటికి గొంతు వచ్చింది. "నా ఊపిరి సంగతి నాకు తెలీదనుకున్నారా? ఆ జబ్బు బొమ్మ బోర్డు మీద గీసి పాఠం చెప్పినవాణ్ణి."

"మరి తెలిసీ నిదానం నిదానం అని ఎందుకు గొడవపడతారు? వేగంగా పోతే మీకే కదా సులభం?"

"నాకు సులభం. పాటకి?" అన్నారు. ఆపైన కోపం తగ్గి, గొంతు చిన్నదైపోయింది. "నాకు సరిపోవట్లేదని దాన్ని కత్తిరించి నాకు తొడుగుతున్నారమ్మా. నాకు జాలి పడ్డ పాట వద్దు."

యలహంక వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నారు. ఏడుస్తున్నారని నాకు తెలుసు. నేనూ ఏడుస్తున్నాను. 

తర్వాతి రిహార్సలుకు వెళ్ళేసరికి ఆయన రెండో హార్న్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. మొదటి కుర్చీ ఖాళీ. రెండో హార్న్ మా సునీత. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్సు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కోలారు గనుల ఊళ్ళో బ్యాండువాళ్ళ ఇంటి పిల్ల, ఊపిరి బలం పుట్టుకతో వచ్చింది. ఆ కుర్చీ చూసి ఆ పిల్ల బెదిరిపోయింది.

"నాకొద్దప్పా ఆ చోటు. పెద్దాయన మీరుండంగా నేనెట్ల కూర్చునేది సార్?"

"కూర్చో అమ్మా. ఉండి చెప్తున్నాను కదా."

సునీతను కూర్చోబెట్టాక ఆయన మేఘన వైపు తిరిగారు. "కండక్టరమ్మా, ఇప్పుడు మీకు నచ్చినట్టు తీసుకోండి. నా కోసం ఏదీ వద్దు. మీకు నిజంగా వేగమే ఇష్టమైతే వేగంగానే పోనీండి. నేను పోట్లాడతాను, అది వేరే సంగతి."

మేఘన మొహం ఎర్రబడింది. కాసిని నీళ్ళు తాగింది. చెయ్యెత్తింది. నిదానంగా, మొదటి రోజు కన్నా నిదానంగా మొదలుపెట్టింది. సునీత తొలి స్వరమే పగలగొట్టింది. రెండోసారి కొంచెం ముందుకెళ్ళింది. మాస్టారు తన హార్న్‌ను ఒళ్ళో పెట్టుకుని, ఊదకుండా, మీటల మీద వేళ్ళు మాత్రం ఆడిస్తున్నారు. సునీత ఆపేసి, "సార్, మీరట్ల చూస్తాంటే నాకు ఊపిరాడదు" అంది. ఆయన సారీ అమ్మా అని కుర్చీని అటు తిప్పుకుని కూర్చున్నారు. వయోలాల దగ్గరనుంచి నాకు ఆయన వీపు మాత్రం కనపడింది. వేళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయని మోచెయ్యి కదలికను బట్టి తెలుస్తోంది. అంత కోరుకున్నదాన్ని పక్కకుర్చీలో పెట్టి ఇలా కూర్చోగలగడం నాకు చేతకాదు. చూడలేక కాగితం వైపు తల దించుకున్నాను.

కచేరీ ఒక ఆదివారం సాయంత్రం జరిగింది. మేఘనకు భయమో, భక్తో, ఆ భాగాన్ని రిహార్సళ్ళలో కన్నా కూడా సాగదీసింది. నా విల్లు మళ్ళీ చాల్లేదు. జనంలో దగ్గులు వినిపించాయి. సునీత మాత్రం ఒక్క చోట కూడా తెగనివ్వలేదు. ఎక్కడ ఊపిరి తీసుకుందో నాకే తెలియలేదు. ఆ పాట అయ్యాక రెండో హార్న్‌కు రాసిన నాలుగు స్వరాలు మాస్టారు వాయించారు, బాగానే వాయించారు. చప్పట్లప్పుడు మేఘన ఆయన్ని లేవమంది. ఆయన లేవలేదు. సునీత చెయ్యి పట్టుకుని పైకెత్తారు.

తర్వాత హాలు బయట అందరూ ఆయన్ని చుట్టుముట్టి, దివ్యంగా ఉంది సార్, కన్నీళ్ళొచ్చాయి సార్ అన్నారు. ఆయన అందరికీ దండం పెట్టారు. కారెక్కి, హార్న్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని అడిగారు.

"నిజం చెప్పు. ఎట్లా ఉంది?"

అందరూ అన్న మాటలు నా దగ్గరా సిద్ధంగా ఉన్నాయి. ఆయన మొహం చూశాను. ఆ మాటలు ఆయనకిప్పుడు ఎందుకూ పనికిరావు.

"సాగింది మాస్టారూ. నాకు నచ్చలేదు. మధ్యలో నిద్రొచ్చింది."

ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. అంత సంతోషంగా ఆయన్ని ఎన్నాళ్ళ తర్వాత చూశానో. "నిద్రా? నీకు చెవులున్నాయా? నువ్వు బుద్ధున్న మనిషివేనా? ఆ పిల్ల రెండో వాక్యం ఎట్లా తిప్పిందో విన్నావా? అది వేగంగా వాయిస్తే ఏం మిగులుతుంది, బస్టాండు..." అని అరుస్తూ మధ్యలో ఆగిపోయారు. ఊపిరి అందలేదు. చెయ్యి గాల్లో అలాగే ఉంది.

 నేను నీళ్ళ సీసా ఇవ్వలేదు. కారు ఆపలేదు. ఊపిరి అందేదాకా ఆగాను. అందగానే, "ఎన్ని చెప్పండి, సాగింది" అన్నాను.